పసుపు పాటను సాగదీసిన పెట్టె

మా మనవరాలు ఇక్కడ మలేషియాలోని క్లాంగ్‌ ఊళ్లో పాటలకు సంగీతం కూర్చే పని చేస్తుంది. తన పెళ్లికి పసుపు దంచే రోజున వాళ్ల అమ్మమ్మ పాట వినిపించాలని క్యాసెట్టు అడిగింది. చనిపోయిన నా భార్య గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టులోనే. ఇవ్వడానికి మనసొప్పలేదు. చేతిగడియారంతో పాట నిడివి చూసి, డైరీలో రాసుకుని, నేనే వెంట తీసుకెళ్లాను.

మనవరాలి గదిలో తనకన్నా వయసులో పెద్దదైన బూడిదరంగు పెట్టె ఒకటి ఉంది. శాంప్లర్ అంటారట. శబ్దాన్ని తనలోకి తీసుకుని, కావలసినంత సాగదీస్తుందట. కంప్యూటరు ఉండగా ఇదెందుకని అడిగితే, దీని గరుకుదనం ఇంక దేనికీ రాదంది. ఆ మాటే నాకు నచ్చలేదు.

పాట ఎక్కించి, సాగదీసి వినిపించింది. పాట నిదానమైంది గానీ గొంతు బరువెక్కలేదు. బ్యాటరీలు అయిపోతున్నప్పుడు మా టేప్‌రికార్డరులో ఆడగొంతు మగగొంతయ్యేది. ఇక్కడ అలా కాలేదు. పైగా ప్రతి దీర్ఘంలోనూ రేకు మోగినట్టు సన్నని వణుకు.

"ఇది మీ అమ్మమ్మేనా? ఇంకెవరి సేతనైనా పాడించినావా?"

"ఏటి తాతా, పోలీసోడిలాగ! పాటను సన్నగా ముక్కలు కోసి, ఒక్కో ముక్కనూ మళ్లీ మళ్లీ పెడతది, అంతే లా," అంది, మాట చివర ఇక్కడివాళ్ల "లా" తగిలించి.

"అయితే రెండోసారి పెట్టిన ముక్క ఆవిడ పాడనిదే కదా."

"నీకన్నీ అనుమానాలే. అసలు పాటే నాకు అనుమానం. ఇంత జోరుగా ఎవలైనా పసుపు దంచుతారేటి? రోకలి పైకెత్తే లోపల చరణం అయిపోతంది!"

క్యాసెట్టు జేబులో వేసుకుని ఇంటికొచ్చి, పాట రికార్డు చేసిన ఏడాది డైరీ తీశాను. నా చేతిరాతే: "టేపు చివర కొంచెమే ఉంది. పాట మొత్తం పట్టాలని గబగబా పాడమన్నాను. సరిగ్గా పట్టింది." పక్కన టిక్కు కూడా పెట్టుకున్నాను.

మర్నాడు ఆ డైరీ పట్టుకెళ్లాను. మనవరాలికి తెలుగు చదవడం రాదు. నేనే చదివి వినిపించాను.

"దొంగ దొరికినాడు," అని నవ్వింది. "మరి అమ్మమ్మ అసలు ఎంత నిదానంగా పాడేది?"

అది తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. ఒకప్పుడు మేమున్న రబ్బరు ఎస్టేటు ఇంటి వెనక ఆమె రోకలి వేసే తీరు గుర్తుచేసుకుని, బల్ల మీద పిడికిలితో కొట్టాను. మనవరాలు పెట్టె మీద అంకె మార్చింది. "ఇంకా," అన్నాను. ఇంకా మార్చింది. దెబ్బా పాటా కలిసిన చోట చెయ్యి ఆపాను.

ఆ వణుకు మీద నాకిప్పటికీ నమ్మకం లేదు. అయినా పసుపు దంచే రోజుకు ఆ సాగదీసిన పాటే పెట్టమన్నాను. క్యాసెట్టు మాత్రం నా జేబులోనే ఉంచుకున్నాను.