మోర్తాడ్ బస్సు

ఆర్మూర్ బస్టాండులో, పసుపు బస్తాల పక్కన, ఒకాయన ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ ఊళ్లో ఉండి పసుపు వాసన పడదా?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. ఇరాక్‌లో పని ఇప్పిస్తానన్న ఏజెంటు మోసం చేస్తే, మోర్తాడ్ దోస్తుతో కలిసి కొండల మీది సరిహద్దు దొంగచాటుగా దాటబోయాడట. దోస్తు కాలు బెణికింది. ఇంటి పసుపుతో పట్టు వేసినా లేవలేకపోయాడు.

"'నువ్వు నడువన్నా, ఎనుక వస్త' అన్నడు సార్. నేను నడిచిన. జర దూరం పోంగనే తుపాకి సప్పుడైంది. వాళ్లవ్వకు మాత్రం ఎనుక వస్తుండనే చెప్పిన. కొడుకు కోసం ఇంకా ఎదురుచూస్తుంది. ఇయ్యాల నిజం చెప్పాలె."

మోర్తాడ్ బస్సొచ్చింది. నేనెక్కాను.

"పెద్దమనిషీ, ఎక్కుతవా లేదా?" కండక్టర్ అరిచాడు.

ఆయన తువ్వాల తీయలేదు.

"మీరు పోండ్రి. ఎనుక బస్సుకు వస్త."