మా మేడమీది గార్డు గారు

గోదాట్లో మునిగినవాణ్ని పడవవాళ్లయినా లాగుతారు. నేను మునిగింది సొంత ఇంట్లో, అదీ మేడమీద. ఆ ఘోరం చెబుతాను, నవ్వుకోండి గానీ మా బంధువులకు మాత్రం చెప్పకండి.

సెల్‌ఫోనుకు ఇన్‌కమింగ్ ఫ్రీ అయిందని ఊరంతా మురిసిపోతున్న రోజులవి. యానాంలో గోదావరి గట్టు పక్కన మా ఇంటిపైన ఒక గది వేసి, ‘టూరిస్టులకు గది ఇవ్వబడును’ అని బోర్డు పెట్టాను. శని, ఆదివారాల్లో కాకినాడ నుంచి కుర్రాళ్లు దిగేవారు. గోదావరి చూడటానికే వచ్చామనేవారు. యానాం ఎందుకొస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సోమవారం పొద్దున ఖాళీ సీసాలు ఏరి ఆ గది కడగలేక మా ఆవిడ లక్ష్మి నడుం పట్టుకునేది.

అలాంటి సమయంలో వచ్చారు సత్యమూర్తి గారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. చేతిలో ట్రంకు పెట్టె, చంకలో ఉద్యోగం నాటి పచ్చజెండా.

“మందూ సిగరెట్టూ అలవాటు లేవండి. మూణ్నెల్లుంటాను. ఇబ్బందా?”

నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. “ఎంతమాటండీ! ఎన్నాళ్లుండాలనిపిత్తే అన్నాళ్లుండండి. మీ ఇల్లే అనుకోండి!”

ఈ మాట మా గోదావరివాళ్లం దారినపోయేవాళ్లతో కూడా అంటాం. దాన్ని నమ్మిన మనిషిని చూడటం నాకదే మొదలు.

ఆయన పూర్తిగా నమ్మారు. కొద్దిరోజుల్లోనే మేడమీద బెండమొక్కలు లేచాయి. మంచం గోదావరివైపు తిరిగింది. కాఫీ కావాలంటే పిట్టగోడ దగ్గర నిలబడి పచ్చజెండా ఊపేవారు, లక్ష్మి గ్లాసుతో పరుగెత్తేది. అదే ఇంట్లో నేను గొంతు చించుకున్నా రాని కాఫీ! కుళ్లుకోవడం కూడా మరిచిపోయి, నోరు తెరుచుకుని చూస్తుండిపోయేవాణ్ని.

మూణ్నెల్లు దాటాయి. గోదావరికి ఎర్రనీరు వచ్చింది, వెనకే పులస చేపలూ వచ్చాయి. ఇల్లు కట్టాక మొదటిసారి లక్ష్మి అన్నయ్య విజయనగరం నుంచి పెళ్లాంపిల్లలతో పులస తినడానికి వస్తున్నాడు. గోదావరి కనబడే గది నీకే అన్నయ్యా అని లక్ష్మి ఎప్పుడో మాటిచ్చేసింది.

“మా అన్నయ్య ముందు నా పరువు పోయిందా, ఆళ్లతోపాటే నేనూ బస్సెక్కేత్తాను. ఎల్లి ఖాళీ చెయ్యమనండి!”

“ఆయ్, ఇదిగో ఎల్తన్నాను.”

మెట్లెక్కాను. నేను నోరు తెరిచేలోగా గార్డు గారే, “రండి రండి, మొహమాటపడకండి, మీ ఇల్లే అనుకోండి” అన్నారు. నా కుర్చీలో నన్నే కూర్చోబెట్టి బెండకాయ వేపుడు పెట్టారు. తిన్న నోటితో పొమ్మని ఎలా అనడం, మీరే చెప్పండి!

మర్నాడు ఖాళీ కడుపుతో వెళ్లాను. “గార్డు గారూ, తమరు ఎప్పుడైనా... కదిలే ఉద్దేశం...”

“ఉద్యోగమంతా కదలడమేనండీ! కూర్చున్న రైలుపెట్టె కూడా కదిలేది. నిద్రంటే ఏంటో మీ పంచన చేరాకే తెలిసింది.” ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నాకూ తిరిగాయి.

కిందికి రాగానే లక్ష్మి, “చెప్పేరా?” అంది.

“దుప్పటి పల్చగా ఉందంట. ఇంకోటియ్యి.”

ఆ సాయంత్రమే ఆటో దిగాడు బావగారు. “ఏదమ్మా నా గది?” అన్నాడు. లక్ష్మి ముఖం పాలిపోయింది. నేను స్తంభం చాటుకు జరిగాను. ఇంతలో గార్డు గారు చకచకా దిగొచ్చి పెట్టె అందుకున్నారు. “లక్ష్మమ్మ గారి అన్నగారా! పైకి రండి, గాలంతా అక్కడే!”

తన మంచం వాళ్లకిచ్చి, ఆయన బెండమొక్కల పక్కన చాప వేసుకున్నారు. లక్ష్మి పులస పులుసు వండితే, ముళ్లు చూసి తినమంటూ పిల్లలకు దగ్గరుండి వడ్డించారు. లక్ష్మి పరువు నిలబడటమే కాదు, పుట్టింట్లో రెట్టింపయింది. నిజం చెబుతున్నాను, ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

వెళ్లేరోజు బావగారు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. “గార్డు గారూ, వచ్చే పులసలకీ మీ ఇంటికే వత్తామండి.” తర్వాత నావైపు తిరిగి, “బావా, అప్పటికి నువ్వూ ఇక్కడే ఉంటావు కదా?” అన్నాడు.

ఆ క్షణమే గోదావరివైపు తిరిగి ఒట్టేసుకున్నాను: ఈ జన్మలో ఇంకెవరికీ ఆ గది నెలల తరబడి ఇవ్వను! ఇన్నేళ్లయినా మాట తప్పలేదు. తప్పాలంటే ముందు గది ఖాళీ అవ్వాలి కదా.

ఉండండి, పైన పచ్చజెండా ఊగుతోంది. కాఫీ పట్టుకెళ్లాలి.