మూడు చీరల వార్పు

2022. ధర్మవరంలో ఓ చిన్న డయాగ్నొస్టిక్ సెంటర్‌లో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా పాపకు పది నెలలు. ప్రసవం తర్వాత అప్పుడే మళ్లీ పనిలో చేరాను.

పట్టుచీరలు నేసే రాజన్నకు అక్యూట్ లుకేమియా ఉన్నట్టు తేలింది. మా సెంటర్ డాక్టరమ్మ ఆయన ఎముక మజ్జను ఫ్లో సైటోమెట్రీకి పంపింది. కణాల మీదుండే ప్రోటీన్లను బట్టి జబ్బు ఏ రకమో చెప్పే పరీక్ష అది. ఆ ప్రోటీన్లనే మార్కర్లు అంటాం.

రిపోర్టు తీసుకోవడానికి రాజన్న ఒక్కడే వచ్చాడు.

“పాపా, ఇంట్లో కొత్త వార్పు ఉండాది. మగ్గానికి ఎక్కించుకోవచ్చునా?”

వార్పంటే నిలువు దారాల చుట్ట. ఒకదానికి మూడు చీరలొస్తాయి, నేయడానికి నెలా రెండు నెలలు పడుతుంది. నేసే చేయి మధ్యలో మారితే నేత తేడా వస్తుందని, మొదలుపెట్టినవాడే ముగించాలంటారు నేతగాళ్లు.

“డాక్టరమ్మను అడుగన్నా.”

“ఆయమ్మ బెంగళూరు పెద్దాసుపత్రికి పొమ్మంటాది, అంతే. చదువుకున్నదానివి, నువ్వు చెప్పు.”

రిపోర్టులో సీడీ34 పాజిటివ్ అని ఉంది. కాలేజీలో చదివింది గుర్తొచ్చి, “ఈ మార్కరుంటే అంత మంచిది కాదంటారు” అన్నాను.

“మూడు చీరలు కూడా కావా?”

నా జవాబుకు ఆగకుండా రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజు ఆయన భార్య సుజాత వచ్చింది. “ఏం చెప్పినావమ్మా మా ఆయనకు? వార్పు తమ్మునికి ఇచ్చేసినాడు. బెంగళూరుకు రానంటాండాడు!”

పరుగున డాక్టరమ్మ దగ్గరకు వెళ్లి జరిగింది చెప్పాను. “మార్కరును బట్టి చెప్పేది చాలామంది మీద వేసిన అంచనా. ఈయన ఆయుష్షు అందులో రాసిలేదు. జన్యుపరీక్షలు రావాలి, మొదటి కీమోకు ఒళ్లెలా స్పందిస్తుందో చూడాలి. ముందు ఆయన్ని బస్సెక్కించు” అందామె.

సుజాతతో వాళ్లింటికి వెళ్లాను. “తప్పు మాట్లాడినానన్నా” అన్నాను.

“అయితే మూడు చీరలు అయితాయా?”

“తెలీదన్నా. డాక్టరమ్మకూ తెలీదు.”

ఆయన ఖాళీ మగ్గం వైపు చూశాడు. “తెలీదంటే పోయి చూడాల్సిందే. వార్పు వెనక్కి తెప్పీయే” అన్నాడు భార్యతో.

సాయంత్రం బెంగళూరు బస్సు పెనుకొండ దాటిందని సుజాత ఫోన్ చేసేదాకా పాపకు అన్నం పెట్టడం కూడా మరిచిపోయాను.

రాజన్న ఏడాదిన్నర బతికాడు. ఆ వార్పు ముగించి, మరొకటి కూడా నేశాడు. జబ్బు తిరగబెట్టాక మూడోది ఎక్కించుకోలేదు.

ఇప్పుడెవరైనా రిపోర్టు చేతిలో పెట్టుకుని “ఎన్నాళ్లు?” అంటే, తెలీదని చెప్పి, డాక్టరు గది దాకా తోడు వెళ్తాను. పాప కాలి మీద కమిలిన మచ్చ కనిపించిన ప్రతిసారీ, లుకేమియా కూడా ఇలాంటి మచ్చలతోనే బయటపడుతుంది కదా అని భయమేస్తుంది. అప్పుడు నాకు నేను చెప్పుకునేదీ తెలీదన్న ఆ మాటే.