మామ దాచుకున్న చెంప

మా ఎదురింటి మామ పోయాడు. మొన్న మంగళవారం పొద్దున నేను కొట్టు తలుపు తీస్తుంటే వాళ్లింట్లోంచి అత్త కేక వినబడింది. పరుగెత్తి చూస్తే మామ చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మూతికి తుండు కట్టుకునే ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

ఆయన గురించి రాయడానికి నాకంటే తగినవాళ్లు ఉండాలి. కానీ మా రెడ్డియార్‌పాళయం వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లే గాని రాయడం వచ్చినవాళ్లం నేనూ, ఇంకొక ముసలాయనా. మామకూ ఈ అక్షరాలు రావు. రాకపోవడమే మేలయింది. ఇందులో ఆయన వినకూడని సంగతి ఒకటుంది.

మామ పెద్ద యుద్ధానికి పరాసు పటాలంలో, అదే ఫ్రెంచివాళ్ల సైన్యంలో, చేరి ఓడెక్కి పోయినవాడు. పోకముందు ఆయన గొంతు వీధి ఈ చివర అంటే ఆ చివర వినబడేది. తిరిగొచ్చేసరికి ఎడమ దవడ సగం లేదు. ఆనాటి నుంచి ముక్కు కింద ఎప్పుడూ తుండే. నమలలేడు గనక అంబలీ పాలూ చంటిపిల్లలకు పట్టే ఉగ్గుగిన్నెతో తాగేవాడు, అదీ గోడవైపు తిరిగి. గిన్నె పక్కన పెట్టి అత్త వంటింట్లోకి వెళ్లిపోవాలి. కాపురం చేసిన ఆ తల్లి కూడా తుండు కింద ఏముందో ఏనాడూ చూడలేదు.

ఇంత జరిగినా వేళాకోళం మాత్రం వదల్లేదు మహానుభావుడు. "నన్ను పెండ్లికి పిలిస్తే మీకే లాభం రా అల్లుడా, ఒక ఆకు మిగలతాది" అనేవాడు. నేను జ్వరంతో మంచం పట్టినప్పుడు రోజూ నా కొట్టు అరుగు మీద కూచుని వచ్చినవాళ్లకు జవాబు చెప్పి పంపాడు. ఆయన మాటలు ఇక్కడ సాఫుగా రాస్తున్నాను గాని, ఆ నోట సగం అక్షరాలు గాలిగా పోయేవి. అలవాటైన చెవులకే అర్థమయ్యేవి.

నాది ఫోటోల కొట్టు. ఒకరోజు మామ వచ్చి, "కచేరీలో ఫోటో అడగతా ఉండారు రా, పింఛను కాయితానికి" అన్నాడు. ఎట్లాంటి ఫోటో అని నేను అడగలేదు. గాయం కనబడేది కావాలని ఆయన చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడ్డాడని తర్వాత తెలిసింది. తలుపు వేయించి తుండు తీశాడు. నేను కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చాను. ఆ గుడ్డే లేకపోతే అక్కడ నిలబడి ఉండేవాణ్ని కాదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి ఫోటో అయినా, కెమెరాలో బొమ్మ పడిన గాజుపలక మీద సన్న పెన్సిలుతో దిద్ది గాని ఇవ్వం. అమ్మవారి మచ్చలు పూడుస్తాం, మెల్లకన్ను సరిచేస్తాం. దిద్దకుండా ఇస్తే "ఏందిది, ఇది నా మొహమా?" అని తిట్టిపోతారు. మామ పలక ముందు రెండు రోజులు కూచున్నాను. కుడి దవడ చూసుకుంటూ ఎడమ దవడ గీశాను. మామ ఆ ఫోటో కిటికీ దగ్గర పట్టుకుని ఎంతసేపు చూశాడో. "పెండ్లినాడు ఇట్లనే ఉంటిని రా" అన్నాడు. ఇద్దరం మురిసిపోయాం. అదే పట్టుకుని కచేరీకి పోయాడు.

అక్కడి గుమాస్తా ఫోటో చూసి, "గాయం యాడుందయ్యా దీంట్లో?" అని నవ్వాడట. దొంగ పింఛనుకు వచ్చావని కూడా అన్నాడట.

రెండో ఫోటోకు ఆ గుమాస్తానే మామను వెంటబెట్టుకొచ్చాడు, నేను దిద్దకుండా చూడడానికి. తుండు తీశాక మామకు చొంగ కారడం మొదలైంది. దవడ లేనిచోట అదెట్లా ఆగుతుంది? తుడుచుకుందామని చెయ్యెత్తాడు. "తుడవాకు, అట్లనే ఉండనీ. అప్పుడే బాగా తెలుస్తాది" అన్నాడు గుమాస్తా. మామ నావైపు చూశాడు. నేను ఆయన చేతుల్లో పెరిగినవాణ్ని, అడ్డంపడి ఒక్క మాట అనొచ్చు. అనలేదు. పైగా ఆయన తల పట్టుకుని, "కొంచెం వెలుతురు పక్కకు తిరుగు మామా" అన్నాను.

పింఛను వచ్చింది. తర్వాత మామ నన్ను ఒక్కటే అడిగాడు. "ఆ పలక పగలగొట్టెయ్ రా అల్లుడా. మీ అత్త కంట్లో పడితే నేను బతకను." సరేనన్నాను. నాలుగు రోజులాగి "పగలగొట్టినావా?" అంటే "పగలగొట్టినా" అన్నాను. నా చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

పగలగొట్టలేదు. నా బతుకులో అంత మంచి ఫోటో నేను తీయలేదు, అందుకని. ఛీ, ఎంత సిగ్గులేని మాట! కానీ అదే నిజం. చెన్నపట్నం నుంచి వచ్చిన, నాలాగే ఫోటోలు తీసేవాళ్లకు చూపిస్తే ఆహా ఓహో అన్నారు. ఇద్దరు ప్రతులు అడిగితే తీసిచ్చాను. యుద్ధమంటే ఏమిటో లోకానికి తెలియొద్దా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మామను ఒక్కమాట అడిగానా? ఆయన మాత్రం చివరిదాకా నన్ను నమ్మాడు. "మొహం పోయినా నా మానం నిలబెట్టినాడు మా అల్లుడు" అని కనబడినవాళ్లకల్లా చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అయినా పలక జోలికి పోలేదు. నిన్న పగలగొట్టాను. ఇప్పుడు పగలగొట్టి ఎవర్ని ఉద్ధరించినట్టు?

మంగళవారం శవానికి నీళ్లు పోసేటప్పుడు తుండు తీయక తప్పలేదు. చుట్టూ ఉన్నవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. అత్త తిప్పుకోలేదు. వంగి ఆ చెంపను చాలాసేపు చూసింది. "ఇంతేనా?" అంది. "ఇన్నేండ్లు నా దగ్గర దాచిపెట్టింది దీన్నేనా? నేనేమన్నా అంటాననుకున్నావా?" చెన్నపట్నంలో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎప్పుడో చూసినదాన్ని ఆమె అప్పుడు చూస్తోంది.

తర్వాత బియ్యం వేసే వంతు వచ్చింది. మాలో పోయినవాళ్ల నోట్లో అయినవాళ్లందరూ తలా కాసిని బియ్యం వేయాలి. ముందు అత్త వేసింది. గింజలు నిలవలేదు, దవడ లేని పక్కనుంచి జారి చాప మీద పడ్డాయి. ఒక్కొక్కటే ఏరి మళ్లీ వేసింది. మళ్లీ జారాయి. "చాల్లేమ్మా, పొద్దెక్కతా ఉంది" అన్నారు పెద్దలు. నేను పిడికిట్లో నా బియ్యం పట్టుకుని వెనక నిలబడి ఉన్నాను. అత్త ఎవరి మాటా వినిపించుకోలేదు. ఒక అరచెయ్యి ఆ చెంపకు అడ్డంపెట్టి, రెండో చేత్తో గింజలు వేస్తూనే ఉంది.