మఠంలో పెద్దత్తయ్య

ఎనభైల మొదట్లో, సముద్రాలు దాటి మేం కాపురమొచ్చిన పిస్కాటవేలో ఎక్కడైనా తెలుగు మాట చెవిన పడితే, కొట్లో సామాన్ల బండిని నడిమధ్యలోనే వదిలేసి ఆ గొంతు వెతుక్కుంటూ పరుగెత్తేవాళ్ళం. ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు రాదని కాదు. బి.ఏ. ఇంగ్లీషులోనే చదివి ఫస్టు క్లాసు తెచ్చుకున్నదాన్ని. నోరు తెరిస్తే మాత్రం చదివిందంతా గొంతు దగ్గర గుంపుగా ఆగిపోయి, ఎవరు ముందు బయటికి రావాలో తేల్చుకోలేకపోయేది. అలాంటి నాకు ఊళ్ళో లైబ్రరీలో పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికిందంటే, అక్కడ ఎవరూ మాట్లాడకూడదు కాబట్టే. తిరిగొచ్చిన పుస్తకాలను బండి మీద తోసుకుపోయి బీరువాల్లో సర్దడమే పని. ఎవరైనా ఏదైనా అడిగితే నవ్వుతూ మా పెద్ద లైబ్రేరియన్ వైపు చెయ్యి చూపించేదాన్ని. (నేను చాలా మర్యాదస్తురాలినని అక్కడ పేరు కూడా వచ్చింది.)

ఆ చలికాలం లైబ్రరీలో ఒక ఉపన్యాసం పెట్టారు. ఉత్తర ఇంగ్లండులో పాడుబడ్డ ఒక మఠం చరిత్ర, స్లైడ్లతో సహా. చెప్పేది మా వీధి చివర ఉండే పెద్దావిడ. మంచు కురుస్తున్నా మెళ్ళో ముత్యాల పేట లేకుండా గడప దాటదు కాబట్టి, ఇంట్లో మేం ఆవిణ్ణి ముత్యాల దొరసాని అనుకునేవాళ్ళం. ఆవిడా, భర్తా ఏటా వేసవిలో ఆ మఠానికి వెళ్ళేవారట. ఆయన ఫోటోలు తీస్తే ఆవిడ ఊరూరా కథ చెప్పేది. ఆయన పోయాక ఆ స్లైడ్ల పెట్టె మళ్ళీ తెరవలేదు. ఇన్నాళ్ళకు ధైర్యం చేసి, ముందుగా నా మీద సాధన మొదలుపెట్టింది. "నువ్వు చక్కగా వింటావు" అనేది. వినడం తప్ప నాకు వేరే దారి లేదని ఆవిడకేం తెలుసు!

విని విని నాకు ఆ మఠం పుట్టిల్లంత పరిచయమైపోయింది. అక్కడివాళ్ళు నల్ల అంగీల సన్యాసులు. భోజనాల దగ్గర మాట్లాడకూడదు కాబట్టి చేపకో సైగ, రొట్టెకో సైగ. వంటిల్లూ, రోగుల గదీ కాక, మఠం మొత్తానికి చలి కాచుకునే గది ఒక్కటే. గొర్రెల ఉన్ని అమ్ముకుంటూ కొన్ని వందల ఏళ్ళు నిక్షేపంగా గడిపారు. ఈలోగా అక్కడి రాజుకి భార్యను వదిలి ఇంకో ఆవిణ్ణి చేసుకోవాలని బుద్ధి పుట్టింది. వాళ్ళ మతానికి పెద్ద అయిన పోప్ కుదరదన్నాడు. అయితే మతానికి నేనే పెద్దనని రాజు ప్రకటించుకున్నాడు, ఆ ఊపులో మఠాలన్నీ మూయించి ఆస్తులు లాక్కున్నాడు. కప్పు మీది సీసం కరిగించి పట్టుకుపోయారు. మిగిలిన రాళ్ళను చుట్టుపక్కల రైతులు పశువుల దొడ్లు కట్టుకోవడానికి మోసుకుపోయారు.

ఉపన్యాసం రోజున మావారు ప్రొజెక్టర్ నడపడానికి వచ్చారు. వేసవిలో ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చి ఇంకా మా దగ్గరే ఉన్న వారి మేనత్తనూ ఇంట్లో ఒంటరిగా వదల్లేక తీసుకొచ్చాం. మా అందరికీ ఆవిడ పెద్దత్తయ్య.

"ఏం చెప్తారే అక్కడ?" అంది కార్‌లో.

"పాడుబడ్డ మఠం గురించి, అత్తయ్యా."

"మఠమా! ఏ స్వామివారిదీ?"

నేను జవాబు వెతుక్కునేలోగా లైబ్రరీ వచ్చేసింది. లోపల కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. ముత్యాల దొరసాని మెడకు మఫ్లరు చుట్టుకుని (దాని మీద ముత్యాలు) ఒక మూల నిలబడి ఉంది. జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. పెదవులు కదులుతున్నాయి గానీ గాలి తప్ప ఏమీ రావడం లేదు. పెద్ద లైబ్రేరియన్ గడియారం చూసుకుని "క్యాన్సిల్ చేద్దాం, తప్పదు" అన్నాడు. ఆవిడ తల ఊపి, భర్త తీసిన స్లైడ్లు ఇచ్చేయమన్నట్టు మావారి వైపు చెయ్యి చాపింది. ఆ పెట్టె ఇప్పుడు మూస్తే ఇంక ఎన్నటికీ తెరవదని నాకెందుకో గట్టిగా అనిపించింది.

"ఆ కథ నాకు తెలుసు" అన్న మాట ఇంగ్లీషులో వినబడింది. అన్నది నేనే.

"తెలుసు సరే, మాట్లాడగలవా?" అన్నాడాయన. నన్ను నేనే అడుక్కోవలసిన ప్రశ్న అది.

మొదటి స్లైడుకి నా గొంతు చీమ మాట్లాడినట్టు ఉంది. రెండోదానికి పిల్లి అయింది. చలి కాచుకునే గది దగ్గరికి వచ్చేసరికి వెనక వరుసలో వాళ్ళు తల ఊపడం చూసి మనిషి గొంతు వచ్చేసింది. "ఇప్పుడు ఆ సన్యాసుల దుస్తులు చూడండి" అని తెర వైపు గొప్పగా చెయ్యి చూపించాను. తరవాత రావలసింది నల్ల అంగీల సన్యాసుల పాత బొమ్మ. వచ్చింది నయాగరా.

జలపాతం దగ్గర పడవెక్కేవాళ్ళకు అప్పట్లో తడవకుండా నల్లటి పొడుగు రబ్బరు కోట్లు, తలకు ముసుగులతో సహా ఇచ్చేవారు. మా బంధుకోటి ఏడుగురు ఆ ముసుగుల్లో వరసగా, గంభీరంగా నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు పెద్దత్తయ్య. కోటు కింద జానెడు కంచిపట్టు అంచు, మేజోళ్ళ మీద హవాయి చెప్పులు. (దొరసాని స్లైడ్ల ట్రే విరిగిందని మావారు వాటిని మా ఇంటి ట్రేలోకి మార్చారు. మా పాత స్లైడ్లు అందులోంచి అన్నీ తీశారో లేదో చూసుకోలేదు.)

ముందు వరుసలో ఒక ముసలాయన కళ్ళజోడు సర్దుకుని, "వాళ్ళింకా ఉన్నారా?" అన్నాడు ఆశ్చర్యంగా.

"ఒరే, అది నేనేరా!" అని పెద్దత్తయ్య లేచి నిలబడి, సభకు నమస్కారం పెట్టింది.

పారిపోదామంటే తలుపు దగ్గర లైబ్రేరియన్ ఉన్నాడు. అందుకని ఉన్న మాటే చెప్పాను. "ఈవిడ మా అత్తయ్య. సన్యాసి కాదు. కానీ ఆ అంగీలు అచ్చం ఇలాగే ఉండేవి. పైగా జలపాతం హోరులో ఆ రోజు ఆవిడ జీవితంలో మొదటిసారి మౌనంగా ఉంది." హాలు ఘొల్లుమంది. దొరసాని గొంతు లేకుండానే నవ్వుతోంది, ముత్యాలు టకటకా కొట్టుకుంటున్నాయి. తరవాతి స్లైడులో అదే వేషంలో ఉన్నవాళ్ళు స్టీలు డబ్బాలోంచి పులిహోర తింటున్నారు. "ఇది భోజనశాల" అన్నాను. ఇంక నన్ను ఆపేవాళ్ళు లేరు.

రాజు కథ పూర్తయ్యాక, అంతసేపూ మావారు చెవిలో తెలుగు చేసి చెబుతుంటే విన్న పెద్దత్తయ్య చెయ్యెత్తింది. "ఇంతకీ ఆ రెండో ఆవిడతోనైనా సుఖంగా ఉన్నాడుటే?"

ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చి చెప్పి, జవాబు తెలుగులో ఇచ్చాను: "లేదత్తయ్యా, తల తీయించాడు."

"హవ్వ! ఆ మాత్రం దానికి మఠాలన్నీ పడగొట్టాడూ?"

సభంతా నా వైపు చూసింది. 'హవ్వ'ను ఇంగ్లీషులో ఏమంటారో నాకిప్పటికీ తెలియదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చూపించాను. ముందు వరుస ఆడవాళ్ళంతా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

చివరి స్లైడులో కూలిన గోడ మీద ముత్యాల దొరసాని, వెనక నుంచి, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. సాధనలో ఆ స్లైడు దగ్గర ఆవిడ ఏమీ చెప్పేది కాదు. నేనూ ఏమీ చెప్పలేదు. లైట్లు వెలిగాక ఆవిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

చాలా ఏళ్ళ తరవాత, ఆవిడ పోయాక, మావారూ నేనూ ఆ మఠం చూడటానికి వెళ్ళాం. గడ్డిలో గొర్రెలు, ఆకాశం వైపు నోరు తెరిచిన కిటికీలు. అంతా ఎరిగిన చోటులాగే ఉంది గానీ, ఏరు స్లైడ్లలోలా ఎడమ పక్కన లేదు, కుడి పక్కన పారుతోంది. మావారు ఆ రోజు స్లైడ్లు సగం తిరగేసి పెట్టారన్నమాట! ఉపన్యాసంలో కర్ర పెట్టి మరీ ఎడమ పక్కన ఏరు చూపించి, అందులో సన్యాసుల చేత చేపలు కూడా పట్టించాను. దొరసానికి తెలియకుండా ఉంటుందా? గొంతు వచ్చాక కూడా ఒక్క మాట అనలేదు. ఆ ఒడ్డున నిలబడితే నాకూ, ఎన్నడూ చూడని ఊరి గురించి ఆ రోజు వణుకుతూ అంత ధీమాగా చెప్పిన ఆ పిచ్చిపిల్లను ఇప్పుడు దిద్దాలనిపించలేదు. ఏరు ఎటు పారితేనేం అనుకుని, ఫ్లాస్కులో కాఫీ వంపుకున్నాను.