బావ ఎత్తిన రాయి

తెలకపల్లిలో పెళ్లి మరునాటి దావత్‌లో, నాకు మీసం మొలవలేదని మా బావ అందరి ముందూ నవ్వాడు. మీసం చేయాల్సిన పని నేను చేత్తో చేశాను: అతని చెంప పగలగొట్టాను. అతను నా ముక్కు చితక్కొట్టి, ఛాతీ మీద కూర్చుని, నా తల మీదికి బండరాయి ఎత్తాడు. చుట్టూ మగవాళ్లే. ఒక్కరూ ఆపలేదు.

"మగోని రక్తం గట్లనే మరుగుతది. ఆపితే ఆగుతదా?" అన్నాడు మా పెద్దనాన్న, రక్తపరీక్ష చేసిన డాక్టర్‌లా.

అంతలో మటన్ వడ్డిస్తున్నారని లోపలినుంచి కేక వినిపించింది. అందరికంటే ముందు పరుగెత్తింది పెద్దనాన్నే. నిమిషంలో వాకిలి ఖాళీ అయింది. బావ రాయి దించకుండానే అటూ ఇటూ చూశాడు.

"ఎవ్వరు లేరు బావా. ఏస్తవా, లేస్తవా?" అన్నాను, రక్తం ఉమ్మి.

అతను రాయి పక్కన పెట్టాడు. "జల్ది మూతి కడుక్కోరా, కూర అయిపోతది."