సంత బండి కిటికీ తెరలు

ఆ బండి వైద్యం కోసం పుట్టింది కాదు. ఏ దేశంలోనో ఎవరో పెళ్లాంపిల్లలతో సెలవులకు ఊళ్లు తిరగడానికి చేయించుకున్నది. లోపల ఒక మంచం, ఒక మడత బల్ల, బొమ్మలాటకు పనికొచ్చేంత పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి ఉండేవి. అరకు కొండల్లో నేను పనిచేసిన ధర్మాసుపత్రికి దాన్నెవరో దానంగా ఇచ్చారు. అందులో మందుల పెట్టెలు సర్దుకుని సంతసంతకూ తిరిగేవాళ్లం. డెబ్బయ్యో దశకం మధ్యలో మాట ఇది. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. పార్వతీపురం పక్క పల్లెలో పుట్టి, నర్సు చదువు చదివి కొండెక్కినదాన్ని. నాకు చేతకాని పని ఒకటుందని ఎవరైనా అంటే ఒప్పుకునేదాన్ని కాదు. ఇప్పటికీ ఒప్పుకోను.

సంతకు చేరగానే డాక్టరుగారు బయట పనసచెట్టు కింద కుర్చీ వేసుకుని జ్వరాలూ దగ్గులూ చూసేవారు. ఆడవాళ్లను బండిలోపల నేను చూసేదాన్ని. డ్రైవరు యాభై దాటినవాడు. నన్ను నర్సమ్మా అనేవాడు, నేను బాబాయ్ అనేదాన్ని. ఆ బండికి మా ముగ్గురమే మనుషులం.

బండికి మూడువైపులా పెద్దపెద్ద కిటికీలు. దేశం చూడటానికి చేసిన బండి మరి. కిటికీ పైన అడ్డంగా ఒక కర్ర, దానికి చుట్టుకుని ఉండే గుడ్డ తెర. లాగితే కిందికి దిగి నిలిచేది, ఇంకోసారి గుంజి వదిలితే సర్రున పైకి చుట్టుకునేది. ఆ కర్రను మోసే కొక్కేలు రెండేసి చొప్పున గోడకు మరలతో బిగించి ఉండేవి. గోడ అనడం మర్యాదకే. బయట ఒక రేకు, లోపల అట్టలాంటి పలుచటి చెక్క, రెంటి మధ్యా ఖాళీ. ఘాట్ రోడ్డు కుదుపులకు మనుషుల కీళ్లే వదులవుతాయి, ఆ గోడలో మరలెంత? నెల తిరక్కుండానే కొక్కేలు కదలడం మొదలుపెట్టాయి.

పెద్ద మరలు తెచ్చి బిగించాను. నాలుగు రోజులు నిలిచి, ఊడేటప్పుడు కన్నాన్ని ఇంకాస్త పెద్దది చేసిపోయాయి. కన్నంలో అగ్గిపుల్లలు దోపి మళ్లీ బిగించాను. "అది గోడ కాదు నర్సమ్మా, అప్పడం. ఎన్ని పుల్లలు గుచ్చినా అప్పడం అప్పడమే," అన్నాడు డ్రైవరు. స్టీరింగు తిప్పుకోమని చెప్పాను.

ఆ అగ్గిపుల్లల ధైర్యంతోనే ఒక సంత రోజు ఒక కొండ పిల్లను లోపలికి పిలిచాను. తొలి చూలు, ఎనిమిదో నెల. అత్త వెంటబెట్టుకొచ్చింది. పిల్ల ఎక్కేటప్పుడే పాదాలు చూశాను. నీరు పట్టి ఉబ్బిపోయాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. మంచం మీద పడుకోబెట్టి, చీర పక్కకు తీసి, పొట్ట మీద చెయ్యి వేశానో లేదో, సంతవైపు కిటికీ తెర కర్రతో సహా ఊడి దబ్బున నా కాళ్ల మీద పడింది.

కిటికీకి అవతల ఎండుచేపల దుకాణం, దాని పక్కన డాక్టరుగారి కోసం వరసలో కూర్చున్న మగాళ్లు. అందరూ ఒక్కసారి ఇటే చూశారు. ఎవడో నవ్వాడు కూడా. ఆ పిల్ల లేచి, చీర చుట్టుకుని, నా వంక చూడకుండా దిగిపోయింది. నేనింకా రక్తపోటు చూడలేదు. పరికరం పెట్టె చంకలో పెట్టుకుని వెనకాలే పరిగెత్తాను.

"ఏటయిపోయిందిప్పుడు? పడింది గుడ్డే కదా! మళ్లీ కట్టేస్తాను, రండి," అన్నాను ఆ అత్తతో.

ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది. "పడింది నీ గుడ్డే. ఆళ్లు సూసింది నా కోడల్ని," అంది. కోడలి రెక్క పట్టుకుని జనంలో కలిసిపోయింది.

ఆ వారం ఏ సంతలోనూ ఒక్క ఆడమనిషి బండెక్కలేదు. కొండల్లో కబురు మా బండికంటే బేగి నడుస్తుంది.

నాకు భయమేసింది. నర్సు చదువులో ఉండగా ఇలాంటి పాదాలతో వచ్చిన ఒక తల్లికి గుర్రపువాతం వచ్చి, ఒళ్లంతా కొట్టుకుని, నా కళ్లముందే ప్రాణం పోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు. ఈ పిల్లకు నెల గడువుంది. ఆ లోపల రక్తపోటు చూడాలి, ఎక్కువుంటే కొండ దించి పెద్దాసుపత్రిలో పడెయ్యాలి. అదంతా జరగాలంటే ఆ పిల్ల మళ్లీ నా బండెక్కాలి. ఎక్కాలంటే ఆ తెర నిలవాలి.

విరిగిన ఎముకలకు కట్లు కట్టేదాన్ని, రేకుగోడకు కట్టలేనా అనుకున్నాను. కట్ల పెట్టెలోని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తీసి, నీళ్లతో కలిపి, ప్రతి కన్నంలోనూ కూరి, తడి ఆరకముందే మరలు దింపాను. తెల్లారేసరికి రాయిలా బిగిసింది. డాక్టరుగారు చూసి కట్టు బాగా కుదిరిందన్నారు. ఘాట్ రోడ్డులో రెండో మలుపు దగ్గర మొదటి పెళ్ల రాలింది. ఆపైన మలుపుకొకటి. సంత దగ్గరపడేసరికి నా నెత్తి మీద సున్నం, ఒళ్లో నాలుగు కొక్కేలు. డ్రైవరు అద్దంలో నన్ను చూసి, నవ్వు ఆపుకోలేక బండి పక్కకు తీసి ఆపాడు. నాకూ నవ్వొచ్చింది. వెంటనే ఆ పాదాలు గుర్తొచ్చి ఆగిపోయింది.

ఇక లాభం లేదని నేనే వాళ్ల ఊరికి బయల్దేరాను. బండి దిగి, వలిసెపూల చేల గట్ల మీదుగా కొండపైకి నడిచాను. అత్త అరుగు మీద కూర్చుని సామలు చెరుగుతోంది. చేటతో సహా లేచి లోపలికి తీసుకెళ్లింది, మజ్జిగలా పలచటి రాగంబలి ఇచ్చింది. కోడలు మాత్రం లోపలి గదిలోంచి రాలేదు.

"చేతికి పట్టీ కట్టి చూస్తానంతే. చీర ముట్టుకోను," అన్నాను.

"ఇక్కడొద్దు. పరువు పోయింది సంతలో. సంతలోనే సరిసెయ్యాల. నీ బండి బాగు సేసుకో, వత్తాం. నేను సూసి సెప్తాను," అంది. బతిమాలాను, భయపెట్టాను. ఆవిడ చేట ఆగలేదు.

అంబలి తాగడానికని భుజాన ఉన్న సంచిని, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన వెదురుముక్కకు తగిలించాను. అరచెయ్యంత మట్టి పెళ్ల ఊడి, సంచి కిందపడింది. ఇక్కడా అదే కథ.

ఆవిడ చేట పక్కనపెట్టి లేచింది. "గోడకి తగిలిత్తావేటే గుంటా? గోడ సాటుకి. బరువు వాసానికి," అంటూ సంచి తీసుకుని, వాసం నుంచి వేలాడుతున్న తాడుకు తగిలించింది.

నేను తలెత్తి చూశాను. ఇంటి సామానంతా పైనుంచే దిగుతోంది. మొక్కజొన్న పొత్తులు, నీళ్ల సొరబుర్ర, విత్తనాల బుట్ట, తాటాకు గొడుగు. ఎర్రమట్టి అలికిన గోడలకు మాత్రం ఒక్క మేకు లేదు. వెదురు తడికకు మట్టి మెత్తిన గోడ దేన్నీ మోయలేదని ఆ ఇళ్లల్లో చిన్నపిల్లలకూ తెలుసు. నాకు చదువుంది, మరలు తిప్పే స్క్రూడ్రైవరుంది, ఆ సంగతి మాత్రం తెలియలేదు. అంబలి గబగబా తాగేసి, కొండ దిగాను.

బండి లోపలి కప్పు పలకలు ఊడదీశాను. డ్రైవరు లబోదిబోమన్నాడు. "నర్సమ్మా, బండి కప్పుతో పెట్టుకుంటున్నావు, ఇది మన సొత్తు కాదు!" పలకల వెనక, నేననుకున్నట్టే, బండి ఒళ్లంతటినీ మోసే ఇనుప కమ్ములున్నాయి. అవే మా వాసాలు. వాటిని చూశాక ఆయనే చేతి డ్రిల్లు తెచ్చి ఒక్కొక్క కమ్మికీ బెజ్జం వేశాడు. కిటికీల పొడుగునా టేకు బద్దలు పెట్టి, ఇనుప కమ్ములకు బోల్టులతో బిగించాం. కొక్కేలు ఆ బద్దలకు దించాం. తెరలిప్పుడు కప్పు నుంచి వేలాడుతున్నాయి, గోడకు ఆ బరువుతో సంబంధం లేదు. బొర్రా వైపు ఎంత చెడ్డ రోడ్డుందో అంతా తిప్పమన్నాను. ఒక్క కొక్కెం కదిలితే ఒట్టు.

మరుసటి సంతకు వాళ్లొచ్చారు. కోడలు బయట నిలబడింది, పాదాల వాపు ఇంకా పెరిగింది. అత్త ఒక్కతే ఎక్కింది. తెరను రెండు చేతులా పట్టుకుని, కాళ్లు ఎత్తినంత పని చేసి లాగింది. కర్ర కిర్రుమంది గానీ ఊడి రాలేదు. నేను గర్వంగా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ముందు నువ్వు పడుకో," అంది.

"నేనా?"

"నువ్వే. కోక తీసి, దాన్నెలా పడుకోబెట్టావో అలా పడుకో. నేను బయటికెళ్లి సూత్తాను."

నవ్వబోయాను. ఆవిడ ముఖం చూసి మానుకున్నాను. తెరలన్నీ దించి, మంచమెక్కి, నా తెల్లచీర పొట్ట మీంచి తీసి పడుకున్నాను. ఆవిడ దిగి బండి చుట్టూ నడవసాగింది. ఒక్కో తెర మీదా ఆవిడ నీడ పడుతోంది, వంగుతోంది, ఆగుతోంది. ఎండుచేపలు బేరమాడుతున్న మగగొంతు నా చెవి పక్కనే ఉన్నట్టు వినిపించింది. ఆ బండికి అంత పెద్ద కిటికీలున్నాయని నాకు అప్పుడే తెలిసింది. నా చెయ్యి దానంతటదే కొంగు వెతుక్కుంది. పడింది గుడ్డే కదా అని ఆ రోజు నేనన్న మాటకు, పడుకున్నచోటే సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇదిగో, ఈ అంచుకాడ సందుంది. నీ బొడ్డు కనపడతంది," అని తెర అవతల్నుంచి ఆవిడ గొంతు వినబడింది.

లేచి ఆ అంచుకు పుండ్లకు వేసే అంటుకునే పట్టీ పైనుంచి కిందిదాకా అంటించి, మళ్లీ పడుకున్నాను. ఆవిడ ఇంకోసారి బండి చుట్టూ తిరిగింది. అప్పుడు తలుపు తీసి కోడలితో, "ఎక్కు," అంది.

చేతికి పట్టీ కట్టి గాలి కొట్టాను. పాదరసం ఎక్కకూడని చోటికి ఎక్కి నిలబడింది. పిల్లకు తలనొప్పి, కళ్లముందు మిణుగురులు. రెండు ముక్కల్లో అత్తకు చెప్పాను. ఆవిడ మంచం పక్కన నేల మీద చతికిలపడి, "ఆ డ్రైవరుబాబుని బేగి పోనిమ్మను," అంది. డాక్టరుగారు ముందు సీట్లోకి ఎక్కారు, సంత మధ్యలోనే బండి కదిలింది. ఘాట్ రోడ్డు మలుపులన్నీ దిగేదాకా తెరలు మూసే ఉన్నాయి, పిల్ల చెయ్యి నా చేతిలో ఉంది.

ఆసుపత్రిలో మూడో రోజు కానుపయింది. పిల్లా తల్లీ దక్కారు. ఆడపిల్ల. తర్వాతి సంతకు బండి దగ్గర పద్నాలుగుమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు ఆ అత్త నిలబడి, లోపల ఏ మంచం మీద ఎలా పడుకోవాలో వాళ్లకు చెబుతోంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు రకరకాల ఊళ్లలో పనిచేశాను. ఎక్కడ చేరినా మొదటిరోజు, మనుషులు రాకముందే, అక్కడి బల్ల మీద నేనొకసారి చీర తీసి పడుకుని కిటికీల వంక చూసేదాన్ని. ఆ తర్వాతే మొదటి ఆమెను పిలిచేదాన్ని.